కార్బైడు నలుపు

అంగడి మూసే ముందర వచ్చింది ఆమె,
చిత్తూరు బజారు వీధిలో దీపాలు పెట్టే వేళ.
చేతుల మీద మామిడి సొన మచ్చలు,
కొంగున ముడి,
ముడిలో సీజను డబ్బులు.

"నల్లపూసలా తల్లీ?" అన్నాడు మా శెట్టి.
ఆడమనిషి నలుపు అడిగితే
ఆయనకు తోచేది అదొకటే.
"పూసలు కాదు. ముత్యాలు. నల్లవి."
ఆయన చూపు ఆమె బోసిమెడ దాకా పోయి
తప్పు చేసినట్టు వెనక్కొచ్చింది.
ఆమె ఏమీ చెప్పలేదు.

మూలన పీటేసుకుని
పట్టుదారానికి ముత్యాలు గుచ్చేది నేను.
పద్నాలుగేళ్లుగా ముత్యానికీ ముత్యానికీ నడుమ
ముడి వేస్తానే ఉండాను,
ఒకచోట తెగితే అన్నీ రాలిపోకుండా.

తెల్లగుడ్డ మీద శెట్టి ఒక దండ పోసినాడు.
కాటుక పూసినట్టు ఒకే నిగనిగ, ఒకే గుండ్రం,
ఒకే కాన్పులో పుట్టిన యాభై మంది మాదిరి.
"సముద్రం సరుకు. పదమూడు వేలు.
నీకైతే పదకొండు."

ఆమె మెడకు పెట్టుకోలేదు, అద్దం వద్దంది.
అరచేతిలో వేసుకుని బరువు చూసింది.
బొటనవేలితో ఒక్కొక్కటీ ఒత్తింది.
ముక్కు కాడ పెట్టుకుని వాసన చూసింది!
టీ గ్లాసులు తీసుకుపోతున్న పిల్లోడు నవ్వినాడు.

"నవ్వబాక నాయనా.
ఇరవై రెండు ఎండాకాలాలు
గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరినా.
బెల్టు మీద పోతా ఉంటే
తాకి చెప్తా,
ఏది చెట్టున మాగిందో, ఏది గదిలో మాగిందో.
చెట్టున మాగినదానికి
ఒక చెంప పసుపు, ఒక చెంప పచ్చ,
తొడిమ కాడ ఇంకా కొంచెం అలక.
ఒళ్లంతా ఒకే రంగుంటే అది కార్బైడు కాయ.
ఇది కార్బైడు."

శెట్టి నవ్వబోయి దగ్గినాడు.
"ముత్యానికి కార్బైడేందమ్మా!"
ఆమె నా తట్టు తిరిగింది.
"మేయ్, గుచ్చేదానివి గదా. నువ్వు చెప్పు."

నా వేళ్ల కొసలు నల్లగా ఉండాయి.
పొద్దున ఆ దండ గుచ్చింది నేనే.
సబ్బేసి రెండుసార్లు కడిగినా పోలేదు.
చెబితే నా జీతం,
చెప్పకపోతే ఆమె మూడు నెలల నిలువుకాళ్ల కూలి.

నోరు తెరవలేదు నేను.
దండను లైటు కింద పట్టి
ఒక ముత్యం బెజ్జాన్ని ఆమె కంటి తట్టు తిప్పినా.
బెజ్జం చుట్టూ రంగు గడ్డకట్టి ఉండాది.
తెల్లదారం బూడిదైపోయి ఉండాది.
చూసింది.
నా వేళ్లు కూడా చూసింది.

శెట్టి ఇనప్పెట్టె తెరిచినాడు.
అగ్గిపెట్టెలో దూది, దూదిలో మూడు.
ఒకటి నెమలి మెడ.
ఒకటి వాన రాబోయే కొండ.
ఒకటి వంకాయ తొక్క, నడుముకు ఒక గీత,
కడుపులో ఉన్నప్పుడే ఎవరో మొలతాడు కట్టినట్టు.
మూడింట్లో ఏదీ నలుపు కాదు.

రెంటిని ఒకదానికొకటి రుద్దింది.
ఏటి ఇసక మాదిరి సన్నటి గరుకు.
"ఇవి," అంది.
"మూడింటికి దండ రాదు తల్లీ. పదహారు వేలు."
"పదకొండు. ఇందాక 'నీకైతే' అంటివే, ఆ లెక్క."

నల్లదారం తెమ్మంది. గుచ్చినా.
మూడు ముత్యాలు, నాలుగు ముడులు.
"అత్తరు తగలనీబాకక్కా, చెమటకు ఆగవు.
అన్నీ అయినాక వేసుకో,
అన్నింటికన్నా ముందు తీసేయ్."
"చెమట పట్టని దినాలు ఏడాదికెన్నొస్తాయి నాకు?"
వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానుకునింది.
మెడకు కట్టుకుని, "సల్లగుండాయి," అంది.
కాసేపటికి నీ వేడి పట్టుకుంటాయన్నా.

పలమనేరు బస్సుకు టైమైందని
కొంగు కప్పుకుని పోయింది మొగిలీశ్వరి.
పేరు రసీదులో చూసినా.
మళ్లీ రాలేదు.
అట్ల కనబడకుండా పోయినవాళ్లను
నల్లపూసైపోయినారంటారు మా వాళ్లు.
ఆమెకు మాత్రం ఆ మాట అనలేను.

శెట్టి నన్ను తీసెయ్యలేదు.
ఆ దండ మరుసటి శుక్రవారం
పన్నెండు వేలకు పోయింది.
పొట్లం కట్టింది నేనే,
వేళ్లు కనబడకుండా
కాగితం కింది నుంచి.